తగ్గించి చెప్పవచ్చును, కల్పించి చెప్పరాదు

భీమునిపట్నమునుండి నర్సీపట్నమునకు పోవు రహదారి మా చోడవరము నడుమగా సాగుచున్నది. చెఱకుబండ్లును, బెల్లపు దిమ్మల లారీలును, మన్యమువైపు పోవు జీపులును దినమెల్ల దుమ్ము లేపు ఈ దారికి ఒక విశేషమున్నదని నేను పిల్లలకు చెప్పుచుండువాడను. దీని తూర్పుకొస దాపున పద్మనాభము మండలపు పాండ్రంగి యున్నది. అల్లూరి సీతారామరాజు జన్మించినది ఆ యూరనే యందురు. దీని పడమటికొస దాటి మఱికొంతదూరము పోయినచో కృష్ణదేవిపేట వచ్చును. 1924లో తుపాకిగుండ్లకు నేలకొరిగిన ఆ యువకుని సమాధి యచ్చట నున్నది. ఒక జీవితచరిత్రయొక్క మొదటి పుటయు చివరి పుటయు రెండుకొసలుగా గల దారిమీద మేము నిత్యము కూరగాయలకును, కిరాణాకును, వినాయకుని గుడికిని తిరుగుచున్నాము.

ఆ యువకుని జయంతి యని జూలై 4వ తేదీన మా ప్రాంతపు పాఠశాలలలో పటమునకు పూలదండ వేసి, వక్తృత్వపు పోటీలు పెట్టి, గెలిచిన పిల్లలకు పుస్తకములు బహుమానమిచ్చుట వాడుక. ముప్పదియేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలోనుండి విరమించిన నన్నును ఒకమారు అట్టి సభకు పిలిచిరి. ఏ పాఠశాలయో చెప్పను. అన్నిచోట్లను జరుగునది అదియే గనుక చెప్పవలసిన పనియు లేదు. కట్టగా కొన్నందున చౌకగా వచ్చినవి కాబోలు, మూడవ తరగతి బాలునికిని పదవ తరగతి బాలికకును ఒకే పుస్తకము, ముప్పదిరెండు పుటల వీరచరిత్ర, నా చేతులమీదుగా ఇప్పించిరి. బాలుడు బొమ్మలు చూచి, బొమ్మలైపోగానే దానిని విసనకఱ్ఱగా జేసికొని విసరుకొనసాగెను. బాలిక వందనసమర్పణ ముగియకమునుపే పుస్తకము ముగించి, నాకడకు వచ్చి, “మాస్టారూ, సినిమాలో సీత ఉంది కదండీ, మరిందులో లేదేటండీ?” అని యడిగెను. సమాధానము చెప్పుటకు నేను తడబడితిని. ఆ తడబాటే ఈ వ్యాసమునకు మూలము.

పిల్లలకొఱకు వ్రాయబడిన జీవితచరిత్రలకు మన భాషలో లోటున్నదని యెవ్వరును అనజాలరు. లోటెల్ల వానిని పోతపోసిన అచ్చులో నున్నది. ఫలానా సంవత్సరమున, ఫలానా గ్రామమున, పేదవారయ్యును సద్గుణవంతులైన దంపతులకు జన్మించి, వీధిదీపముక్రింద చదువుకొని, ఎన్నడును అబద్ధమాడక, ఎవ్వరి మనస్సును నొప్పింపక, దేశమునకు సేవచేసి, ఫలానా దినమున పరమపదించిన మహాపురుషులు ఎంతమంది యున్నారో లెక్కపెట్టుట కష్టము. పేరొక్కటి మార్చినచో ఒకరి కథ వేఱొకరికి సరిగా అమరును. ఆ వీధిదీపము ఎందఱికి వెలుగిచ్చినదో తలచుకొనగా దానికే యొక జీవితచరిత్ర వ్రాయవలెనని తోచును. ఒకనాడు ఆఱవ తరగతిలో ఈ దీపపు పాఠమే చెప్పుచుండగా వెనుకబల్లమీది బాలుడు లేచి, “మా యింటికాడ కరెంటుందండి, మరి నేను గొప్పోణ్ణి అవనేటండి?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను, నేనును నవ్వితిని, ఇంటికి పోయిన పిదప నవ్వు రాలేదు. మహనీయుల యింట తనవంటివానికి చోటు లేదని, ఆ యింటి తలుపు తనకు ముందే మూయబడినదని ఆ పసివాడు గ్రహించెను. చదువరిని గుమ్మమువద్దనే నిలిపివేయు పుస్తకము ఎంత మహాత్మునిదైన నేమి?

ఇన్నాళ్ళ యనుభవమున నాకు తేలినది ఒక్కటే. ఈ మహనీయుడు ఏ వయస్సువారికి తగునని యడుగుటకంటె, ఈ జీవితములో ఏ భాగము ఏ వయస్సునకు తగునని యడుగుట మేలు. ఒకే మనుష్యుని ఎనిమిదవ యేట ఒకమారును, పండ్రెండవ యేట ఒకమారును, పదునాఱవ యేట ఇంకొకమారును కలిసికొనవచ్చును. చిన్నవారికి చెప్పునపుడు కొన్ని సంగతులు విడిచిపెట్టుట తప్పుగాదు; లేని సంగతిని చేర్చుట మాత్రము ఏ వయస్సువారి విషయమునను క్షమింపరానిది. మా ప్రాంతపు బెల్లపు గానుగలయొద్ద పెనము ముందు కూర్చుండువానికి ఈ భేదము చక్కగా తెలియును. చెఱకును రసముగా త్రాగింపవచ్చును, కాచి పాకము చేయవచ్చును, ఇంకను కాచి దిమ్మ కట్టవచ్చును. మూటియందును ఉన్నది ఆ చెఱకే. రంగుకొఱకు హైడ్రోసు కలిపినవాని దిమ్మ అనకాపల్లి మార్కెట్టులో బంగారువలె మెఱయును గాని, ఆ బెల్లమును వాడు తన యింటి పిల్లలకు పెట్టడు.

ఇక ఆఱేడేండ్ల వారికి పుట్టిన సంవత్సరముతో పనియేమి? నిన్నయు మొన్నయు తప్ప కాలమెఱుగని వయస్సది. వారు మనుష్యుని శరీరముతో కొలుతురు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనెననియు, ఇనుపగొలుసులను తెంచెననియు, రెండు మోటారుకార్లను ఇరుప్రక్కల కదలకుండ పట్టెననియు చెప్పి చూడుడు. ఆ పిల్లలు ఊపిరి బిగబట్టి తమ రొమ్ములనే చూచుకొందురు. ఆ పిదప ఆ మహాబలుడు మాంసము ముట్టనివాడని చెప్పిన, పప్పన్నము మిగల్చువాడు ఒక ముద్ద అధికముగా తినును. అంతకుమించిన నీతిబోధ ఆ వయస్సున అనవసరము. వ్యాధిచే ఆతని కాలు తీసివేయవలసివచ్చిన సంగతి పదేండ్లు నిండిన తరువాత తెలిసినను నష్టము లేదు. అట్లే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కథ. చూపు మందమగుటచే నల్లబల్లమీది వ్రాత కనబడక బడి మానినవాడు, ఇంటనే ఫిడేలు నేర్చి, 1919లో విజయనగరపు సంగీతకళాశాలలో విద్యార్థిగా చేరబోయి, వాయించి వినిపింపగానే అచ్చటనే ఆచార్యుడుగా నియమింపబడినాడు. ఈ కథను మూడవ తరగతిలో చెప్పునపుడెల్ల కండ్లద్దాలు పెట్టుకొన్న ఒకరిద్దఱు నిటారుగా కూర్చుండుట నేను కన్నులార చూచితిని.

తొమ్మిదినుండి పండ్రెండేండ్ల నడుమ పిల్లలకు న్యాయబుద్ధి మేల్కొనును; ఆటలో తొండి యెవడు చేసెనో తేల్చుటకు పూటలు గడుపు వయస్సది. ఆ పిల్లలకు మహనీయుల బాల్యము కావలయును. తాము చేసిన తప్పులవంటి తప్పులున్న బాల్యము కావలయును. గాంధీగారి ఆత్మకథ మొత్తమును ఆ వయస్సువాని చేతికిచ్చుట వృథా. ఇన్స్పెక్టరు పరీక్షకు వచ్చినపుడు ఒక ఇంగ్లీషు మాట వర్ణక్రమము తప్పుగా వ్రాసి, ప్రక్కవానిపలక చూడుమని ఉపాధ్యాయుడే కాలితో సైగ చేసినను చూడక, తరగతిలో తానొక్కడే తప్పిన మోహనదాసు కథ మాత్రము వారికి చాలును. అన్న చేతి కడియమునుండి బంగారము చిదిమి తీసి, ఆ నేరమును కాగితముమీద వ్రాసి తండ్రికిచ్చుకొన్న ఘట్టము ఇంకను రెండేండ్లు ఆగవచ్చును. తండ్రి ప్రాణము విడిచిన రాత్రి తాను ప్రక్కన లేకపోయిన సిగ్గును ఆయన యెంత నిర్దాక్షిణ్యముగా వ్రాసికొన్నాడో, అది పదునాఱు పదునేడేండ్లు దాటినవారికి గాని యర్థము గాదు. పుస్తకమొక్కటే, దానిలో మూడు వయస్సులు దాగియున్నవి.

టంగుటూరి ప్రకాశముగారి ‘నా జీవితయాత్ర’యు ఈ జాతిదే. తల్లి ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడపి పోషించుచుండగా, నాటకములలో వేషములు కట్టుచు, అల్లరిమూకలతో తిరిగినట్లు ఆయనయే దాపరికము లేక చెప్పుకొన్నాడు. 1928 ఫిబ్రవరి 3వ తేదీన మదరాసులో సైమను బహిష్కారమునాడు తుపాకికి రొమ్మొడ్డిన ప్రకాశమునే మన పాఠ్యపుస్తకములు చూపును; విగ్రహములును అదియే చూపును. ఒంగోలు వీధుల అల్లరిపిల్లవానిని ముందుగా ఎఱిగిన బాలునికి మాత్రమే ఆ రొమ్ము రాతిది గాదని తెలియును. ఆ గ్రంథపు చివరి భాగమును ప్రకాశముగారు కాలధర్మము నొందిన పిదప పూరించినవాడు విశాఖజిల్లా లక్కవరమున పుట్టిన తెన్నేటి విశ్వనాథముగారు. ఒకరి కథ ఎక్కడ ఆగి వేఱొకరి చూపు ఎక్కడ మొదలగుచున్నదో కనిపెట్టుట ఇంటరు చదువువారికి మంచి సాధన.

ఇపుడు మా రాజుగారి కథకు వత్తును.

ఏడెనిమిదేండ్ల వారికి కొండయు, అడవియు, విల్లమ్ములును, వచ్చుచున్నానని ముందుగా మిరపకాయ కట్టిన జాబు పంపి ఠాణామీదికి వచ్చు వీరుడును చాలును. ఆ మిరపకాయ టపా సంగతి జనశ్రుతి గదా, అది కల్పన కాదా యని మీరు నన్ను నిలదీయవచ్చును. దీనికి మన భాష యెన్నడో ఉపాయము చేసిపెట్టినది. అనగనగా ఒక రాజుండెనట యని అవ్వలు చెప్పు కథలోని ‘అట’ యను రెండక్షరములను చూడుడు: నేను చూడలేదు, విన్నాను, విన్నట్లే నీకు చెప్పుచున్నాను అను సత్యసంధత యంతయు ఆ రెండక్షరములలో నున్నది. మా వైపు పిల్లలు దానినే ‘అంట’ యందురు. “మిరపకాయ కట్టి పంపేవాడంట” అని చెప్పిన కథ అబద్ధము గాదు. పంపెను అని అచ్చువేసిన పుస్తకము మాత్రము తనకు తెలియనిదానిని తెలిసినట్లు నటించుచున్నది. పిల్లల జీవితచరిత్రలు వ్రాయువారు ఈ ‘అట’ను ఏల విడనాడిరో నాకు బోధపడలేదు. పుస్తకము కొనబోవు తండ్రి పది పుటలు తిరుగవేసి, ఎక్కడనైన ఒక ‘అట’, ఒక ‘అందురు’, ఒక ‘అని చెప్పుకొందురు’ కనబడునేమో చూచుకొన్న చాలును. ఆ రచయితను నమ్మవచ్చును.

పదునొకండు పండ్రెండేండ్లు వచ్చిన పిల్లలకు ఆ వీరుడు ఏల పోరాడెనో చెప్పవలయును. తెల్లవారు చెడ్డవారు గనుక అనుట కారణము గాదు. 1882 నాటి మదరాసు అటవీచట్టము వచ్చి, కొండవాండ్రు తాతలనాటినుండి చేసికొనుచున్న పోడు వ్యవసాయమునకు అడ్డుపడెను. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లివైపు రోడ్డు వేయించునపుడు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కూలీలచేత చాకిరి చేయించుకొని, కూలిడబ్బు సరిగా ఈయక పీడించెను. కూలి యనిన మా పిల్లలకు వేఱుగా వివరింపనక్కఱలేదు. వారిలో సగముమంది తల్లిదండ్రులు చెఱకు నఱకుటకు పోయి సాయంకాలమునకు కూలి లెక్క చూచుకొనువారే. ఆ లెక్క తప్పిన నాటి రాత్రి యింటిలో నెట్లుండునో వారెఱుగుదురు. అంతవఱకు చెప్పిన పిదప, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరుసగా మూడు దినములు మూడు ఠాణాలపై బడి తుపాకులు గొనిపోయిన వృత్తాంతము వారికి కథగా గాక లెక్కగా వినబడును. ఆ వయస్సువారికి తేదీలు రుచించుటయు అపుడే మొదలగును.

పదునైదు దాటినవారికి ఓటమిని చెప్పవలయును. దామనపల్లి కనుమలో ఇద్దఱు ఇంగ్లీషు అధికారులు హతులైన సెప్టెంబరునుండి, పెదగడ్డయొద్ద రాజు అనుచరులు కూలిన డిసెంబరు వఱకును, మలబారు పోలీసులును అస్సాము రైఫిళ్ళును దిగిన పిదప కొండపల్లెలు పడిన బాధలును, 1924 మే 7వ తేదీన పట్టుపడిన రాజును విచారణ యన్నది లేక కొయ్యూరున కాల్చి చంపుటయు చదివిన విద్యార్థి, ఈ పోరు ఫలించినదా, ఈ మార్గము సరియైనదా యని తప్పక అడుగును. అడుగనిండు. గాంధీగారు సైతము సాయుధపోరును ఒప్పుకొనజాలక, ఆ యువకుని ధైర్యమునకును త్యాగమునకును తలవంచక ఉండజాలక, రెండును వ్రాసినాడు. పటమునకు దండవేయు సభలో ఈ చర్చకు చోటుండదు, పుస్తకములో నుండవలయును. ఇంకొక సంగతి. మన పుస్తకములన్నియు కొయ్యూరు గుండుదెబ్బతో ముగియును. అతని అనుచరుడు గాము మల్లుదొర అండమాను జైలు చూచి, బ్రదికి వచ్చి, 1952లో విశాఖపట్నమునుండి స్వతంత్రుడుగా మొదటి లోకసభకు ఎన్నికైనాడు. తుపాకి పట్టిన చేతితో ఓటు వేసి, ఓటు అడిగి, చట్టసభలో కూర్చుండిన ఆ కొండదొర కథ ఒక్కటియు బహుమానపు పుస్తకముగా నా కంటబడలేదు. చనిపోయిన వీరుని ఆరాధించుట సులభము. బ్రదికిన వీరునితో పదునాఱేండ్ల పిల్లవాడు వాదింపవచ్చును, కావుననే అతడు ఆ వయస్సునకు ఎక్కువ యుపయోగపడును.

ఇక సీత సంగతి. 1974లో వచ్చిన కృష్ణగారి సినిమా మా జిల్లాలో చూడనివారు అరుదు. నేనును మూడుమార్లు చూచితిని, మూడుమార్లును కంటతడి పెట్టితిని. 2022లో వచ్చిన ఇంకొక సినిమాలో రాజును కొమరం భీమును కలిసి గంతులు వేసిరి. అది కల్పనయని తీసినవారే చెప్పిరి, కావున వారితో నాకు తగవు లేదు. సినిమా సినిమాగా నుండుటలో దోషమేమున్నది? సినిమాలోని సీతను తెచ్చి జీవితచరిత్రలో కూర్చుండబెట్టి, రాజు పేరులోని ‘సీత’ అట్లు వచ్చినదని అచ్చువేయుటలో దోషమున్నది. నాటి దొరతనమువారి కాగితములు అతనిని శ్రీరామరాజనియే వ్రాసినవి. ఆనాడు ఆ బాలికకు నేను చెప్పవలసినది ఇంతమాత్రమే; ఆ సీత సినిమాది, పుస్తకములో లేకుండుటయే పుస్తకమునకు గౌరవము, అని. చెప్పలేకపోతిని. చెప్పినచో ఆమెకు రాజుగారు తగ్గిపోవునేమోయని భయపడితిని. ఆ భయమే కల్పనకు తల్లి.

ఇట్టి భయము మన యొక్కరిదే కాదు. అమెరికాలో వీమ్స్ అను మతగురువు 1800లో జార్జి వాషింగ్టను చరిత్ర వ్రాసి, ఆ పిదపటి ముద్రణలో చెఱ్ఱీచెట్టు కథ చేర్చినాడు. బాలుడైన వాషింగ్టను గొడ్డలితో చెట్టు గాయపఱచి, అబద్ధమాడలేనని తండ్రితో ఒప్పుకొన్నట్లు చెప్పు ఆ కథకు ఆధారము లేదు. అబద్ధమాడరాదని నేర్పుటకై ఆడిన అబద్ధము రెండువందల యేండ్లు పిల్లలకు నేర్పబడినది! పూర్వము ఇట్టివి బయటపడుటకు ఒక తరము పట్టెడిది. నేడు పదవ తరగతి పిల్లవాడు చేతిలోని ఫోనులో అరనిమిషమున తేల్చుకొనును. ఒక కల్పన పట్టుబడగానే వాడు మిగిలిన సత్యమునుగూడ బుట్టదాఖలు చేయును. మహనీయులను నమ్మని తరము వచ్చినదని వాపోవు పెద్దలు, తాము ఇచ్చిన పుస్తకములను ఒకమారు తిరుగవేసిన మేలు.

విడిచిపెట్టుటకు ఎంతవఱకు అవకాశమున్నదో తెలుపుటకు యెల్లాప్రగడ సుబ్బారావుగారికంటె తగిన నిదర్శనము నాకు తోచదు. మన కోస్తా జిల్లాలలో బోదకాలు రాకుండ ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి వచ్చి మ్రింగించు మాత్రలున్నవి గదా. వానిలోని ప్రధానౌషధము సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన కృషినుండి వెలువడినది. ఎనిమిదేండ్ల పిల్లవాడు ఆ మాత్రను ఉమ్మివేయబోవునపుడు, దీనిని కనుగొనినది భీమవరమున పుట్టిన మన తెలుగువాడురా యని చెప్పిన చాలును. అదియే వానికి జీవితచరిత్ర. పండ్రెండేండ్లు వచ్చినపుడు, ఆ మనుష్యుడు చిన్ననాట డబ్బు సంపాదించుటకై ఇల్లు విడిచి కాశికి పారిపోబోయెననియు, మెట్రిక్యులేషను మూడవమారు గాని గట్టెక్కలేదనియు, ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని కోపమునకు గుఱియై ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెననియు చెప్పవచ్చును. పరీక్షాఫలితములు వచ్చు వారమున ఈ కథను చదివించుట ఏ ఉపన్యాసముకంటెను మేలు. సోదరులిద్దఱు స్ప్రూ వ్యాధిచే కొద్దిదినముల యెడముతో గతించుటయు, ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లముమీద ఆయన పిమ్మట పనిచేయుటయు పదునాలుగేండ్ల వారికి చెప్పదగినది. దుఃఖము పనిగా మాఱుట అర్థమగు వయస్సది.

అయితే ఆయనకు భార్య యుండెను. 1919లో వివాహమైన ఆ యిల్లాలిని ఇచ్చట విడిచి, ముప్పదియేండ్లు నిండకమునుపే ఓడయెక్కిన సుబ్బారావుగారు మఱల తిరిగిరాలేదు. పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. 1948 ఆగస్టులో అమెరికాలో ఆయన కన్నుమూయునంతవఱకు ఆమె ఇచ్చటనే యుండెను. లోకమునకు ఇన్ని మందులిచ్చిన మహనీయుని చరిత్రలో ఈ సంగతి ఒక వాక్యమునకు మించి సాధారణముగా కనబడదు. బాలల పుస్తకములలో ఆ వాక్యమును ఉండదు. ఎనిమిదేండ్లవానికి చెప్పకుండుట సబబే. పదునేడేండ్ల యమ్మాయికి చెప్పకుండుట మోసము. నేనెఱిగిన యొక కళాశాల విద్యార్థిని ఈ సంగతి తెలిసికొని, “ఆవిడ గురించి ఎవరూ రాయలేదేటండి?” అని యడిగినది. అదియే ఆ వయస్సున అడుగవలసిన ప్రశ్న. ఆమె సుబ్బారావుగారిని తిరస్కరింపలేదు. ఆయన మాత్రలు మ్రింగుట మానలేదు. గొప్పతనమునకు వెల యున్నదనియు, ఆ వెలను తఱచు వేఱొకరు చెల్లింతురనియు ఆమె తెలిసికొనెను. ఆ జ్ఞానమీయని జీవితచరిత్ర పదునేడేండ్ల వారికి పలకయు బలపమువంటిదే.

బాలికలకు బహుమానమీయవలసివచ్చిన ఝాన్సీలక్ష్మినో మదర్ థెరీసానో వెదకి తెచ్చుట మన యలవాటు. వారి గొప్పతనమునకు లోటని గాదు గాని, మన యింటి మాట యేమైనది? 1923 కాకినాడ కాంగ్రెసునాడు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్లాలు నెహ్రూను లోనికి పోనీయలేదు. ఆయన కోపింపక మెచ్చుకొన్నాడు. ఈ కథను ఏడవ తరగతి బాలురకు ముందుగా చదివింపవలయునని నా పట్టుదల. నియమము నియమమే యని నెహ్రూకు చెప్పగల బాలిక యుండెనని తెలియవలసినది వారికే. భండారు అచ్చమాంబగారు 1901 ప్రాంతమున ‘అబలా సచ్చరిత్రరత్నమాల’ వ్రాసి, స్త్రీలకు చెప్పుకొనదగిన చరిత్ర యున్నదని నిరూపించినారు. ఆమెకు అక్షరములు అబ్బినది తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి చదువుప్రక్కన కూర్చుండుటవలన. పిల్లలను పోగొట్టుకొని, ముప్పదియేండ్లు దాటీదాటకముందే తానును పోయినది. ఎందఱో స్త్రీల చరిత్రలు వ్రాసిన యామె చరిత్రను పిల్లలకు పనికివచ్చునట్లు వ్రాయుటకు ఎవ్వరైన పూనుకొన్న బాగుండును.

ఆ లక్ష్మణరావుగారే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. మఱుసటి యేట వెలువడిన దాని మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్ర’. ఒక కొయ్యగుడిసెలో పుట్టిన విదేశీయుని కథతో తెలుగువారి విజ్ఞానోద్యమము మొదలయినదన్నమాట. 1908లో ఆ రచయితయే రాజద్రోహ నేరముమీద చెఱసాలకు పోయినాడు. లింకనును చదివిన తెలుగు బాలురకు, ఆ లింకనును వ్రాసినవాడు కటకటాల వెనుక నున్నాడని తెలిసినపుడు కలిగిన యనుభూతి ఏ పాఠమువలనను కలుగదు. పరదేశీయుల చరిత్రలు వలదని యెవరైన అనిన నేను ఆ పుస్తకమునే చూపుదును. టోమోయె బడిలో చదివిన జపాను చిన్నది తన బాల్యమును చెప్పుకొన్న ‘తోత్తోచాన్’ మన భాషలో ‘రైలుబడి’యై వచ్చినది, నాలుగైదు తరగతుల పిల్లలకు దానికి సాటి వచ్చునది తెలుగులో నాకు దొరకలేదు. పదమూడవ పుట్టినరోజున చేతికి వచ్చిన డైరీలో ఆన్ ఫ్రాంక్ వ్రాసికొన్నది పదమూడేండ్ల వారికే ఈయవలయును. అయితే ఆ చివరి పుట తరువాత ఆమె ఏమైనదో చెప్పుటకు ఒక పెద్దవారు ప్రక్కన నుండవలయును. కలాముగారి పుస్తకమునకు వాడ్రేవు చినవీరభద్రుడుగారి తెలుగు ‘ఒక విజేత ఆత్మకథ’ బహుమానములలో తఱచు కనబడును, మంచిదే. విజేత యన్న పేరు చూచి భయపడవలదు, 1979 ఆగస్టులో మొదటి ఎస్.ఎల్.వి. రాకెట్టు సముద్రములో కూలిన ఘట్టమునుండి మొదలుపెట్టుడని నేను పిల్లలకు చెప్పుదును.

భాషనుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. చెప్పుటకు సిగ్గును తప్పదు. సవరల భాష నేర్చుకొనుటకై కొండలెక్కి, జ్వరమునకు మ్రింగిన క్వినైనుచేత చెవులు పోగొట్టుకొని, సొంతసొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తిగారి చరిత్ర మన్యపు అంచున నున్న మా పిల్లలకు తప్పక చదివింపవలయును. ఆ మహానుభావుడు జీవితమంతయు ఏ భాషతో పోరాడెనో ఆ గ్రాంథికముననే నేను ఈ మాట వ్రాయుచున్నాను. పాతచదువు పట్టిన చేయి గనుక మానలేకపోవుచున్నాను, మన్నింపుడు. పిల్లల పుస్తకము మాత్రము నావలె నుండరాదు. చదువుచున్నపుడు పిల్లవాని నోరు నట్టువడిన, ఆ మహనీయునికిని వానికిని నడుమ భాషయే గోడయగును.

కొనువారికి ఒక విన్నపము. ఎంత ధరయని అడుగుటకుముందు, అంగడిలో నిలబడి ఏదైన యొక పుట చదువుడు. ఆ మనుష్యుడు ఒక్కమారైన తప్పు చేసినాడా, ఓడినాడా, ఎవరితోనైన తగవులాడినాడా చూడుడు. లేనిచో ఆ పుస్తకము పిల్లలది గాదు, ధూపదీపములది. కొనలేనివారు శాఖా గ్రంథాలయమునకు పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పంపుట వేఱు, వెంటబోవుట వేఱు. పిల్లవాడు పుస్తకము సగమున విడిచిపెట్టిన కసరుకొనవలదు. రెండేండ్ల పిదప అదే పుస్తకము మఱల వాని చేతికీయుడు.

పాఠశాలలవారికి ఇంకొక విన్నపము. రాబోవు జూలై 4వ తేదీకి ఒకే పుస్తకము కట్టగా కొనవలదు. చిన్నతరగతులకు బొమ్మలది, నడిమితరగతులకు పోడు సంగతియు కూలి సంగతియు చెప్పునది, పెద్దతరగతులకు మల్లుదొర వఱకు నడచునది, మూడు తెప్పింపుడు. దొరకనిచో మీలో నొకరు వ్రాసి, చేతివ్రాతతోనే ఈయుడు. దండ వేయుట ముగిసిన పిదప ఆ పిల్లలను బస్సెక్కించి, రావికమతము, కొత్తకోట, నర్సీపట్నము మీదుగా కృష్ణదేవిపేటకు కొనిపొండు. చోడవరమునుండి నర్సీపట్నమునకు దినమెల్ల బస్సులున్నవి.